నుమాయిష్‌లో మూడడుగుల మనిషి

జనవరి వచ్చిందంటే హైదరాబాదులో చాలా ఇళ్లలో వినబడే మాట, "నుమాయిష్‌కు ఎప్పుడు పోదాం?" అని. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జనవరి 1న మొదలై, మామూలుగా ఫిబ్రవరి 15 దాకా నడిచే ఈ ప్రదర్శనకు ఎనభై ఏళ్లు దాటాయి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు, హైదరాబాదు రాజ్యంలో తయారయ్యే సరుకును జనానికి చూపించాలని పబ్లిక్ గార్డెన్స్‌లో కొద్దిపాటి స్టాళ్లతో దీన్ని పెట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. ఈమధ్య కొన్నేళ్లలో స్టాళ్లు రెండు వేలు దాటాయి కూడా. ఒకపక్క కశ్మీరు శాలువలు, లక్నో చికన్ కుట్టు, ఫిరోజాబాదు గాజులు; మరోపక్క జెయింట్ వీల్, గోడ మీద మోటార్ సైకిళ్లు తిరిగే మౌత్ కా కువా, పొగలు కక్కే మిర్చి బజ్జీల బాండీలు, మైదానాన్ని చుట్టివచ్చే చిన్న రైలు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే చోటు ఇది. ఆ ఇంటిల్లిపాదిలో రెండేళ్లదో మూడేళ్లదో ఒక పిల్ల ఉంటే మాత్రం రెండో ప్రశ్న వెంటనే వస్తుంది. "మరి చిన్నదాన్ని ఏం చేద్దాం?"

దీనికి ఇళ్లలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "ఆ జనంలో దానికేం తెలుస్తుంది, అమ్మమ్మ దగ్గర వదిలేసి పోదాం" అని. రెండోది, "అందరితో పాటే అదీ, ఏడిస్తే ఓ బుడగ కొనిస్తే సరి" అని. రెండూ నాకు సమ్మతం కాదు. చిన్నపిల్లలను నుమాయిష్‌కు తీసుకెళ్లాలన్నదే నా మాట. అయితే దేని దగ్గరికి వెళ్లాలి, ఎంతసేపు చూడాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్న నిర్ణయాల్లో ఆ పిల్లకు నిజమైన వాటా ఇవ్వాలి. ఆ వాటా ఉన్నంతవరకూ అంత హోరూ, అన్ని దీపాలూ, అంత జనమూ పిల్లకు సంబరంగానే ఉంటాయి. అది పోయిన క్షణం నుంచి అవే బెదిరిస్తాయి. మైదానం అదే, సాయంత్రం అదే, పిల్లా అదే. అయినా ఒక గంట కేరింతలు, మరో గంట గుక్కపట్టిన ఏడుపు ఎందుకో తెలియక పెద్దవాళ్లు తల పట్టుకుంటారు. కారణం చాలావరకు ఇక్కడే ఉందని చెప్పడానికి కొన్ని ఆధారాలున్నాయి.

ముందుగా ఆ మైదానం పిల్లకు ఎలా కనబడుతుందో చూడాలి. మూడేళ్లు నిండిన పిల్లల ఎత్తు సగటున 95 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల పైన ఒకటి రెండు అంగుళాలు. పెద్దవాళ్ల నడుము దగ్గరికి వస్తుంది తల. మనకు నుమాయిష్ అంటే వరుసగా వెలిగే దుకాణాలు, రంగుల గుడ్డలు, ఆకాశంలో తిరిగే చక్రం. నడిచే పిల్లకు అది మోకాళ్లు, చీర కుచ్చిళ్లు, ఊగుతూ ముఖానికి తగిలే సంచులు, కాళ్ల కింద లేచే దుమ్ము. మోత మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తుంది, ఎక్కడి నుంచి వస్తోందో కనబడదు. పెద్దవాళ్ల మెదడు అక్కర్లేని శబ్దాన్ని పక్కకు నెట్టి కావలసిన మాటను పట్టుకుంటుంది. ఈ వడపోత చిన్నపిల్లలకు ఇంకా కుదరదు. లౌడ్‌స్పీకర్‌లో చేసే ప్రకటన, పక్క స్టాలువాడి కేక, రంగులరాట్నం పాట, అమ్మ మాట అన్నీ ఒకే బరువుతో చెవిలో పడతాయి. ఇయర్‌ఫోన్లలో పాటలు వినిపించే పరికరాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రమాణం పెట్టింది. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లు, పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెళ్లు మించకూడదని. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా వినదగిన సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 90 డెసిబెళ్ల మోత ఉన్నచోట పిల్ల చెవికి వారం మొత్తానికి తగినది గంటంపావు. కొలమానం పాటల పరికరాలకు పెట్టిందే అయినా, వినే చెవి అదే కదా. కాబట్టి స్పీకరు స్తంభం కింద పిల్లను నిలబెట్టి బేరమాడటం మంచిది కాదని చెప్పడానికి వేరే ప్రమాణం అక్కర్లేదు.

ఇదంతా విన్నాక, మరి తీసుకెళ్లకపోవడమే మేలు కదా అని అనిపించవచ్చు. ఇక్కడే అసలు ఆధారం. 1978లో మేగన్ గనార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏడాది వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. వాళ్ల ముందు పెట్టినది, తాళాలు ధన్‌ధన్‌మని కొట్టే మరబొమ్మ కోతి. సంతల్లో అమ్మే అటువంటి బొమ్మను చూసి పసిపిల్లలు జడుసుకోవడం మనకు తెలిసిందే. కొందరు పిల్లలకు తాము చేత్తో తడితే ఆ కోతి ఆడేలా ఏర్పాటు చేశారు. మిగతా పిల్లలకు అదే కోతి, అదే మోత, కానీ అది ఎప్పుడు మోగుతుందో వాళ్ల చేతిలో లేదు. తమ చేత్తో మోగించిన పిల్లల్లో భయం తగ్గింది, నవ్వులు వచ్చాయి. మగపిల్లల్లో ఈ తేడా బాగా కనబడింది. బొమ్మ గొంతు తగ్గించలేదు, తాళాలు తీసేయలేదు. మారిందల్లా, అది పిల్ల ఇష్టం మీద మోగడం. ఏడాది నిండిన పసివాళ్లకే ఇంత తేడా చేసిన విషయం, మాటలు వచ్చిన మూడేళ్ల పిల్లకు ఇంకెంత ముఖ్యమో ఊహించవచ్చు. భయపెట్టేదీ ఆనందం ఇచ్చేదీ ఒకే వస్తువు కావచ్చు. రెండింటి మధ్య గీత ఎక్కడుందో పిల్లకే తెలుస్తుంది, అది పిల్ల చేతిలో ఉన్నంతసేపూ.

నుమాయిష్‌లో ఈ అదుపు పిల్లకు ఎలా ఇస్తాం? జెయింట్ వీల్‌ను మనం ఆపలేం, జనాన్ని తగ్గించలేం. కానీ దూరాన్ని మార్చగలం. జెయింట్ వీల్‌ను మొదట దూరం నుంచి, ఆగి, చూడనివ్వవచ్చు. "దగ్గరికి పోదామా?" అని అడిగి, తల అడ్డంగా ఊపితే అక్కడే నిలబడవచ్చు. నాలుగడుగులు వేసి, పిల్ల మన మెడను గట్టిగా పట్టుకుంటే రెండడుగులు వెనక్కి రావచ్చు. ఈ వెనక్కి రావడం చాలా గొప్ప విషయం. తాను వద్దంటే ఆగుతారన్న నమ్మకం కుదిరిన పిల్ల, కాసేపటికి తానే వేలు చూపించి "అటు" అంటుంది. భుజాల మీద ఎక్కించుకోవడం మన జాతరల్లో తరతరాలుగా ఉన్న పద్ధతి. దాని గొప్పతనం కూడా ఇదే. భుజాలెక్కిన పిల్లకు మోకాళ్ల అడవి పోయి మైదానం కనబడుతుంది. చెవి స్పీకర్లకు దగ్గరయ్యే మాట నిజమే గనుక, స్పీకరు లేని దారిన నడవాలి. కానీ కనబడితే చాలు, సగం బెదురు పోతుంది. చూడాలనిపిస్తే తల తిప్పి చూస్తుంది, వద్దనుకుంటే మన జుట్టులో ముఖం దాచుకుంటుంది. చూడటం, మానడం రెండూ దాని వశంలో ఉన్నాయి. స్ట్రోలర్‌లో పట్టీలు బిగించి జనం మధ్యలో తోసుకుపోయిన పిల్లకు ఈ వీలు లేదు. అందుకే నుమాయిష్ వంటి చోట స్ట్రోలర్ కన్నా భుజమో చంకో మేలని నా అభిప్రాయం, నడుములు నొప్పి పుట్టినా సరే.

ఈ మాటకు పెద్దలు మొదట చెప్పే అభ్యంతరం, "పిల్ల ఆడించినట్టల్లా ఆడితే నెత్తికెక్కి కూర్చుంటుంది" అని. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అయితే పిల్లకు ఇవ్వమంటున్న అదుపు దేని మీదో విడదీసి చూడాలి. కనబడిన ప్రతి బొమ్మా కొనాలా వద్దా అన్నది పెద్దల నిర్ణయం. మూడో పీచుమిఠాయి వద్దనడం పెద్దల బాధ్యత. చెయ్యి విడిచి పరుగెత్తకూడదన్నది బేరం లేని నియమం. పిల్ల చేతికి ఇవ్వవలసింది తన కళ్ల మీద, చెవుల మీద, తన ఒంటి మీద అధికారం: ఆ హోరుకు ఎంత దగ్గరగా నిలబడాలో, ఆ ఉయ్యాల పడవ ఎక్కాలో లేదో. ఏడుస్తున్న పిల్లను "ఏం కాదు, ఏం కాదు" అంటూ పడవలో కూర్చోబెట్టి, కింద నిలబడి ఫోటో తీయడంలో ఏ క్రమశిక్షణా లేదు. కొనుగోళ్ల దగ్గర ఖచ్చితంగా ఉండి, భయం దగ్గర మెత్తగా ఉండవచ్చు. మన ఇళ్లలో చాలాసార్లు ఇది తలకిందులుగా జరుగుతుంది. భయపడితే బలవంతం చేస్తాం, ఆ భయంతో ఏడిస్తే నోరు మూయించడానికి బొమ్మ కొనిస్తాం. ఏడిస్తే బొమ్మ వస్తుందని పిల్ల నేర్చుకునేది అక్కడ.

రెండో అభ్యంతరం, జనానికీ సందడికీ పిల్లలు అలవాటు పడాలి కదా, ఇంత సుకుమారం ఎందుకు అని. అలవాటు పడాలి, నిజమే. ఎలా పడతారన్నదే ప్రశ్న. దీని మీద వందేళ్ల కిందటే ఒక పరిశీలన ఉంది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు పీటర్ అని పేరు పెట్టిన ఒక చిన్న పిల్లవాడి గురించి రాశారు. వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి, కుందేలంటే భయం. పిల్లవాడు ఇష్టమైన తిండి తింటున్నప్పుడు కుందేలును గదిలో దూరంగా ఉంచి, రోజురోజుకూ కాస్త కాస్త దగ్గరికి తెచ్చారు. చివరికి పీటర్ కుందేలును చేత్తో నిమిరాడు. ఒక్కసారిగా ఒళ్లో పెట్టి ఉంటే ఏమయ్యేదో పిల్లలను పెంచిన ఎవరికైనా తెలుసు. నుమాయిష్‌కు ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. కడుపు నిండిన పిల్ల, ఓ మొక్కజొన్న పొత్తు చేతిలో పట్టుకుని, ఆటల వరుసకు కాస్త ఎడంగా కూర్చుని జెయింట్ వీల్ దీపాలు చూస్తుంటే అలవాటు తనంతట తానే మొదలవుతుంది. పైగా నుమాయిష్ ఒక్కరోజు పండుగ కాదు, నెలన్నర ఉంటుంది. నగరంలో ఉండేవాళ్లు వారం మధ్యలో, జనం పలచగా ఉండే ఒక సాయంత్రం, గేట్లు తెరిచిన కాసేపటికే వెళ్లి, చీకటి చిక్కబడకముందే తిరిగి రావచ్చు. మరోసారి ఇంకాస్త లోపలికి పోవచ్చు. జిల్లాల నుంచి ఒక్కరోజు కోసం వచ్చేవాళ్లకు ఈ వీలు లేదు. వాళ్లు ఆ ఒక్కరోజులోనే మధ్య మధ్య విరామం పెట్టుకోవాలి.

ఇక పెద్దల ముఖం సంగతి. ఈ విషయంలో 1985లో వెలువడిన ఒక అధ్యయనం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. గాజు పలక పరిచిన బల్ల. ఒక చోట గాజు కింద కాస్త లోతు ఉన్నట్టు కనబడుతుంది, దాటితే పడిపోతామేమో అనిపించేంత. అవతల తల్లి నిలబడుతుంది. ఏడాది వయసు పిల్లలు ఆ అంచు దాకా పాకుతూ వచ్చి, ఆగి, తల్లి ముఖం వైపు చూశారు. తల్లి ముఖంలో సంతోషం కనబడినప్పుడు 19 మందిలో 14 మంది దాటారు. భయం కనబడినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. తల్లి నోటితో ఏమీ అనలేదు. ఇది నుమాయిష్ గేటు దగ్గర పెట్టి చూడండి. బండి పెట్టడానికి చోటు దొరకక అరగంట తిరిగిన నాన్న, లోపలికి రాకముందే తప్పిపోతామేమోనని కంగారుపడే అమ్మ, "ఇంత ఆలస్యంగా బయల్దేరితే ఇంతే" అని సణిగే పెద్దమ్మ. ఆ అంచు దగ్గర ఆగిన పిల్ల వీళ్లందరి ముఖాలనూ చదువుతోంది. ఇటువంటి చోటికి మెట్రోలో వెళ్లడం మంచిదని నేను చెప్పేది ఇందుకే. గాంధీ భవన్ స్టేషన్‌లో దిగితే గేటు పక్కనే. రైలు ప్రయాణమే పిల్లకు ఒక వినోదం, పెద్దవాళ్లు చిరాకు లేని ముఖాలతో లోపలికి అడుగు పెడతారు.

ఒక పిల్లకు సరిపోయింది ఇంకో పిల్లకు సరిపోదన్నది కూడా మరిచిపోకూడదు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే దంపతులు 1956 నుంచి ఏళ్ల తరబడి పిల్లల స్వభావాలను గమనించారు. కొత్తదాన్ని తేలిగ్గా స్వీకరించే పిల్లలు నూటికి 40 మంది. ప్రతిదానికీ తీవ్రంగా స్పందించే పిల్లలు 10 మంది. మరో 15 మంది మొదట వెనక్కి తగ్గి, నెమ్మదిగా, తమ వేగంతో కలిసిపోయే రకం. మిగిలినవాళ్లు ఏ ఒక్క కోవలోనూ ఇమడరు. ఆ 15 మందిని మన ఇళ్లలో "పిరికిది", "మొద్దు" అంటారు. వాళ్లు అవేమీ కారు, వాళ్లకు కొంచెం ఎక్కువ సమయం కావాలి, అంతే. పిల్లల స్వభావం మంచిదా చెడ్డదా అన్నది కాక, ఆ స్వభావానికీ చుట్టూ ఉన్నవాళ్లు కోరేదానికీ పొంతన కుదిరిందా లేదా అన్నదే ముఖ్యమని ఆ దంపతులు తేల్చారు. బావగారి కొడుకు అయిదు ఆటలు ఎక్కి వచ్చాడని మన పిల్లను పోల్చి దెప్పడం ఆ పొంతనను చెడగొట్టే పని. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. వాళ్లలో చాలామందికి హోరు, మెరిసే దీపాలు నిజంగా బాధ పెడతాయి. చెవులు మూసే హెడ్‌ఫోన్లు వాళ్లకు ఎంతో సాయం. వాటిని పెట్టుకున్న పిల్లను చూసి చుట్టుపక్కలవాళ్లు గుచ్చి గుచ్చి చూడకుండా ఉంటే ఇంకా సాయం.

ఇప్పుడు అన్నింటికన్నా గట్టి అభ్యంతరం. నుమాయిష్‌కు వెళ్లేది పిల్ల కోసమే కాదు. నాయనమ్మకు దుప్పట్లు కావాలి, అత్తకు చికన్ కుర్తా కావాలి, పెద్దపిల్లలు మౌత్ కా కువా చూడాలి. ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు కొని, దారి ఖర్చులు పెట్టుకుని వచ్చి, మూడేళ్ల పిల్ల వెనక్కి తిరుగుదామన్నదని గంటకే తిరిగిపోతారా? తిరిగిపోరు, పోనక్కర్లేదు కూడా. ఇక్కడ మన ఉమ్మడి కుటుంబాల అనుభవం ఒకటి ఆసరా. పాత రోజుల్లో జాతరకు బళ్లు కట్టుకుని పోయినప్పుడు పిల్లను ఒకరే మోయలేదు. మేనమామ భుజం నుంచి తాత ఒడికి, అక్కడి నుంచి అత్త చంకకు పిల్ల మారుతూ ఉండేది. ఒకరు బండి దగ్గర చెట్టు కింద కూర్చునేవారు. పిల్లకు విరామం, మిగతావాళ్లకు జాతర. పాతకాలం పిల్లలు జాతరల్లో హాయిగా ఉన్నారంటే దాని వెనుక ఇన్ని చేతులున్నాయి. ఇప్పుడు అమ్మా నాన్నా ఇద్దరే వచ్చి, ఇద్దరూ అన్నీ చూడాలనుకుని, ఇద్దరూ పిల్లను లాక్కుంటూ తిరిగితే ముగ్గురికీ మిగిలేది అలసట. వంతులు వేసుకోవాలి. ఒకరు దుప్పట్ల వరుసలో బేరమాడుతుంటే మరొకరు పిల్లతో చిన్న రైలు దగ్గర ఉండాలి. తాతయ్యో పిన్నో తోడు ఉంటే ఇంకా మంచిది. పిల్ల అలిసిపోతే వాళ్లతో ముందుగా ఇంటికి చేరవచ్చు. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లవాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మధ్యాహ్నం కునుకు తీయించకుండా బయల్దేరి, జనవరి చలిలో రాత్రి పదింటిదాకా తిప్పిన పిల్ల ఏడిస్తే, అది మొండితనమని అనడం అన్యాయం. దాని దగ్గర ఓపిక అయిపోయింది.

"ఇంతా చేసి అదేమన్నా గుర్తుపెట్టుకుంటుందా?" అనేవాళ్లున్నారు. పెద్దయ్యాక మూడేళ్లకు ముందు సంగతులు మనలో ఎక్కువమందికి గుర్తుండవు, అది నిజం. కానీ చిన్నపిల్లలకు అప్పటికప్పుడు ఏమీ గుర్తుండదనుకోవడం పొరపాటు. 1994లో మిండా టెస్లర్, కేథరిన్ నెల్సన్ ప్రచురించిన ఒక పరిశీలన ఉంది. మూడేళ్ల పిల్లలు తల్లులతో కలిసి న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం చూశారు. వారం తర్వాత అడిగితే, వాళ్లకు గుర్తున్నవి తల్లీ పిల్లా ఇద్దరూ కలిసి మాట్లాడుకున్న వస్తువులు. తల్లి ఒక్కతే వివరించినవి, పిల్ల ఒక్కతే చూసి ఊరుకున్నవి నిలవలేదు. నుమాయిష్‌లో రెండు వేల స్టాళ్ల ముందు నుంచి పిల్లను ఈడ్చుకుపోతే దానికి మిగిలేది ఏమీ లేదు. ఒక అప్పడం నూనెలో పడి చేటంత ఎలా ఉబ్బిందో, గాజులబ్బాయి వేళ్లన్నీ దగ్గరకు నొక్కి గాజు ఎలా ఎక్కించాడో, రైలు ఎవరు నడుపుతున్నారో, పిల్లతో మాట కలిపి చూస్తే అది వారం తర్వాత కూడా ఆ కథ చెబుతుంది, చేతులు తిప్పి మరీ. నాలుగు చోట్ల ఆగితే చాలు. ఎక్కడ ఆగాలో పిల్లే ఎంచుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే తాను ఎంచుకున్నదాని గురించి అదే మాట మొదలుపెడుతుంది. కొన్నిసార్లు అది కేవలం నేల మీద నీళ్లు చిమ్మే గొట్టం కావచ్చు. అదీ నుమాయిష్‌లో భాగమే, ఫరవాలేదు.

చల్లగా, శుభ్రంగా, పిల్లలకోసమే కట్టిన ఆటస్థలాలు మాల్స్‌లో ఉన్నాయి కదా అని ఇంకొందరు అడుగుతారు. వాటికి నేను వ్యతిరేకిని కాను. కానీ అక్కడ పిల్లకు కనబడేది పిల్లల కోసం తయారుచేసిన ప్రపంచం. నుమాయిష్‌లో కనబడేది పెద్దల ప్రపంచం: రకరకాల భాషల్లో బేరాలు, తలపాగాలు, బురఖాలు, పట్టుచీరలు, చేతిపని చేసే మనుషులు. తమ ఊరి సరుకు పట్టుకుని వందల మైళ్లు వచ్చినవాళ్లు అక్కడ పక్కపక్కన కూర్చుంటారు. ఇంతమంది వేర్వేరు మనుషులు ఒకచోట తగాదా లేకుండా సరదాగా తిరుగుతారన్న సంగతి పిల్ల కళ్లతో చూసి తెలుసుకునే చోట్లు మనకు ఎక్కువ లేవు. అయితే ప్రమాదాలూ అక్కడే ఉన్నాయని ఒప్పుకోవాలి. 2019 జనవరి 30 రాత్రి ఆ మైదానంలో మంటలు చెలరేగి ఎన్నో స్టాళ్లు కాలిపోయాయి; ప్రాణాలు పోకపోవడం అదృష్టం. పిల్లతో వెళ్లేవాళ్లు లోపలికి అడుగు పెట్టగానే బయటికి పోయే గేట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి, ఇరుకు వరుసల్లోకి రద్దీ వేళ పోకూడదు. పిల్ల జేబులోనో చేతిపట్టీ మీదో ఫోన్ నంబరు రాసి ఉంచాలి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడమని, పోలీసు బట్టలు వేసుకున్నవాళ్లకో పిల్లలతో ఉన్న అమ్మకో చెప్పమని బయల్దేరేముందే ఆటలా నేర్పాలి. పిల్ల కనబడకపోతే అక్కడున్న పోలీసులకు వెంటనే చెప్పాలి. పిల్లల సహాయానికి దేశమంతా పనిచేసే 1098 నంబరు పెద్దలకు గుర్తుండాలి. ఇంతవరకే చెప్పి ఊరుకుంటాను, ఎందుకంటే ప్రమాదాల జాబితా పెంచితే ఆ గాజు బల్ల అవతల భయం చూపించిన తల్లిలా మనమూ మారిపోతాం.

చివరగా, ఈ భారమంతా తల్లిదండ్రుల మీదే వేయడం నాకు ఇష్టం లేదు. నిర్వాహకులూ కొంత చేయవచ్చు. నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయాన్ని చదువులకు వెచ్చించే సంస్థ. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాళ్లు నడుపుతున్నదే. మహిళల కోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించే ఆనవాయితీ అక్కడ ఎప్పటి నుంచో ఉంది. అలాగే వారంలో ఒక సాయంత్రం, గేట్లు తెరిచిన మొదటి గంట చిన్నపిల్లలకూ, శబ్దం భరించలేని పిల్లలకూ ఇవ్వవచ్చు. ఆ గంటసేపు స్పీకర్ల గొంతు తగ్గించి, చిన్న రైలూ రంగులరాట్నమూ నెమ్మదిగా నడిపితే చాలు. బ్రిటన్‌లో ఆటిజం కోసం పనిచేసే జాతీయ సంస్థ ఒకటి 2017 అక్టోబరులో దుకాణాలను ఒప్పించి ఇటువంటి గంటను పాటించింది; దీపాలు తగ్గించారు, పాటలు ఆపారు. వ్యాపారులకు నష్టం కదా అంటారేమో. సాయంత్రం మొదటి గంట ఎలాగూ బేరాలు పలచగా ఉండే వేళ. పిల్ల హాయిగా ఉంటే తల్లి శాలువల వరుసలో ఇంకాసేపు నిలబడుతుంది. దానితో పాటు మైదానంలో ఒక మూల, స్పీకర్లకు దూరంగా, నాలుగు చాపలు, తాగునీరు, పసిపిల్లకు పాలిచ్చుకోవడానికి ఒక పరదా, దారి చూపించే ఒక పెద్ద బోర్డు ఉంటే చాలు. పిల్ల అలిసినప్పుడు ఇంటికి పరుగెత్తకుండా అక్కడ పావుగంట కూర్చుంటారు. పావుగంట తర్వాత మళ్లీ జెయింట్ వీల్ వైపు వెళ్దామా వద్దా అన్నది పిల్లనే అడగవచ్చు.